ఇంట్లో ఐదు కుక్కలు, రెండింటికి పడటం లేదు

ఒక పాఠకురాలు రాసిన సుదీర్ఘమైన ఉత్తరం సారాంశం ఇది. ఇంట్లో ఆమె, భర్త, అత్తగారు, ఎనిమిదేళ్ల కూతురు, వాళ్లతోపాటు ఐదు కుక్కలు. అన్నిటికంటే పెద్దది పదకొండేళ్ల రాజు. తర్వాత ఆరేళ్ల లక్కీ, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన ఆడకుక్క. టైగర్, బ్రూనో మూడేళ్ల అన్నదమ్ములు, వాటికి ఆపరేషన్ కాలేదు. చివరగా వచ్చింది చిన్ని, రెండేళ్ల ఆడకుక్క. దానికీ ఆపరేషన్ కాలేదు, మూడు నెలల క్రితం ఎదకు వచ్చింది. ఏడాదిన్నర పాటు కలిసిమెలిసి ఉన్న లక్కీ, చిన్ని గత రెండు నెలల్లో నాలుగుసార్లు కొట్టుకున్నాయి. రెండుసార్లు భర్త ఆఫీసు నుంచి వచ్చినప్పుడు వీధి గుమ్మం దగ్గర, ఒకసారి వంటింటి గడప దగ్గర, ఒకసారి పడకగదికి వెళ్లే సన్నటి నడవాలో. చివరిసారి లక్కీ చెవి చీలింది, విడదీయబోయిన ఆమె చేతికి గాటు పడింది. ఇవి కాక, బెల్ మోగితే ఐదూ ఒకేసారి మొరుగుతూ తలుపు మీద పడతాయి. బ్రూనో సోఫా కాళ్ల మీద కాలెత్తుతోంది. రాజు పడుకున్నప్పుడు ఏది దగ్గరికొచ్చినా గుర్రుమంటోంది. చిన్నిని ఎవరికైనా ఇచ్చేద్దామని భర్త అంటున్నారు. తెలిసినవాళ్లలో ఒకరు "వాటిలో అవే తేల్చుకుంటాయి, వదిలేయండి" అన్నారట, ఇంకొకరు "నాలుగు తగిలిస్తే ఎవరు పెద్దో తెలిసొస్తుంది" అన్నారట. "రోజంతా తలుపులు మూస్తూ తీస్తూ భయంతో గడుపుతున్నాను. ఇన్ని కుక్కల్ని పెట్టుకోవడమే నా తప్పా?" అని అడిగారు.

మీరు రాసినవి విడివిడిగా చూస్తే, ఐదు కుక్కల మధ్య గొడవ ఎక్కడా కనిపించలేదు. గొడవ ఉన్నది లక్కీకి, చిన్నికి మధ్య. రాజుది వేరే సమస్య, బ్రూనోది వేరే సమస్య, బెల్ దగ్గర అరుపులు ఇంకొకటి. అన్నీ ఒకే ఇంట్లో ఒకే వేళకు నడుస్తున్నాయి కాబట్టి ఒకదాని ఉద్రేకం ఇంకొకదానికి అంటుకుంటోంది. కుక్కలు ఎక్కువైతే పని పెరుగుతుంది, జాగ్రత్త పెరగాలి. అంతమాత్రాన పెట్టుకోవడమే తప్పనను.

ముందు మీ చేయి. గాటు పడి ఎన్నాళ్లయిందో రాయలేదు. ఇంకా డాక్టరుకు చూపించుకోకపోతే ఈ రోజే వెళ్లండి. పంటి గాటు పైకి చిన్న చుక్కలా ఉంటుంది, లోపల లోతుగా దిగి ఉంటుంది. వేళ్ల కీళ్ల దగ్గరైతే తొందరగా చీము పడుతుంది. కుక్కలకు రేబిస్ టీకాలు ఎప్పుడు వేయించారో చెప్పండి, మీకు రేబిస్, ధనుర్వాతం టీకాలు కావాలో వద్దో ఆయన తేలుస్తారు. ఇకముందు ఎవరికి గాటు పడినా మొదటి పని కట్టు కట్టడం కాదు. ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి.

ఇక అసలు సంగతి. "లక్కీ మూణ్ణెల్లుగా తల విదిలిస్తూ చెవి గోక్కుంటోంది" అని ఉత్తరం చివర్లో ఒక్క వాక్యం రాసి వదిలేశారు. నా దృష్టిలో మీ ఉత్తరం మొత్తంలో అతి ముఖ్యమైన వాక్యం అదే. చెవిలో ఇన్ఫెక్షన్ ఉన్న కుక్క తల పక్కనుంచి ఇంకో కుక్క రాసుకుంటూ పోయినా ప్రాణం పోయినంత నొప్పి. చిన్ని ఎప్పటిలాగే ఆటగా మీద పడుతుంది, లక్కీకి నొప్పి పుడుతుంది, గుర్రుమంటుంది. చిన్ని వెనక్కి తగ్గకపోతే తర్వాతిది కాటే. కొట్టుకున్న చోట్లు చూడండి: గుమ్మం, గడప, నడవా. మూడూ ఒంటికి ఒళ్లు తగలకుండా దాటలేని చోట్లు.

అందుకని లక్కీని పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లినప్పుడు చీలిన పై చెవితో సరిపెట్టకండి. చెవి లోపల పరికరంతో చూడమనండి, గులిమి నమూనా తీసి మైక్రోస్కోప్ కింద పరీక్షించమనండి. ఫంగస్ జాతి ఈస్ట్ అయితే ఒక మందు, బాక్టీరియా అయితే ఇంకో మందు. ఇంట్లో మిగిలిపోయిన పాత చుక్కల మందు వేయొద్దు. లోపల కర్ణభేరికి చిల్లు పడి ఉంటే కొన్ని చుక్కల మందులు వినికిడినే దెబ్బతీస్తాయి. మనుషులు వాడే నొప్పి బిళ్లలు అసలే వేయకండి, ఇబుప్రోఫెన్ లాంటివి కుక్క కడుపును, మూత్రపిండాలను పాడుచేస్తాయి.

చిన్నిని కూడా అదే వారంలో చూపించండి. ఎద ముగిసిన నెలా రెండు నెలలకు కొన్ని ఆడకుక్కలకు కడుపు లేకపోయినా ఉన్నట్టే లక్షణాలు వస్తాయి. పాలరొమ్ములు ఉబ్బుతాయి, బొమ్మల్ని పిల్లల్లా నోట కరుచుకుని ఓ మూల దాచుకుంటాయి, ఆ మూలకు ఎవర్నీ రానివ్వవు. మీ గొడవలు మొదలైన కాలం దీనికి సరిగ్గా సరిపోతోంది. ఆపరేషన్ చేయిద్దామనుకుంటే ఆ లక్షణాలు పూర్తిగా తగ్గేదాకా ఆగండి, అవి ఉండగానే చేస్తే కొన్నిట్లో నెలల తరబడి అలాగే ఉండిపోతాయి. ఆపరేషన్ చేయిస్తే ఎద చుట్టూ వచ్చే గొడవలు తగ్గుతాయి. నొప్పి వల్ల, భయం వల్ల, తిండి మీద పోటీ వల్ల వచ్చేవి దానితో తగ్గవు. ఆ సంగతి తెలిసే చేయించండి.

చెవి నయమైతే అన్నీ సర్దుకుంటాయని మాత్రం చెప్పలేను. నాలుగుసార్లు రక్తాలు కారేలా కొట్టుకున్నాక, చిన్ని కనబడితే చాలు నొప్పి వస్తుందని లక్కీ మనసులో పడిపోయి ఉంటుంది, లక్కీ కదిలితే దెబ్బ పడుతుందని చిన్నికీ పడి ఉంటుంది. ఆ గుర్తును మార్చడానికి వారాలు పడుతుంది. ఆ వారాల్లో ఇంకో గొడవ జరగకుండా చూడటం మీ చేతిలో ఉన్న పెద్ద మందు. ఒక్క కొత్త గొడవ పది రోజుల శ్రమను వెనక్కి లాగుతుంది.

"అవే తేల్చుకుంటాయి" అన్న సలహా ఇక్కడ ప్రమాదం. రెండు ఆడకుక్కల మధ్య ముదిరిన గొడవ దానంతటదే చల్లారడం అరుదు, చాలాసార్లు కాటు లోతు పెరుగుతూ పోతుంది. ఒకే ఇంట్లో కొట్టుకునే 38 జతల కుక్కల మీద 2011లో వచ్చిన ఒక అధ్యయనంలో కూడా ఎక్కువ జతలు ఒకే లింగానివి, మొదలుపెట్టినది ఎక్కువగా వయసులో చిన్నది, ఇంటికి తర్వాత వచ్చినది. ఇక "ఎవరు పెద్దో చూపించాలి" అనే మాట, బోనుల్లో కలిపి ఉంచిన తోడేళ్లను చూసి 1947లో రుడాల్ఫ్ షెంకెల్ రాసిన దాని నుంచి పాకింది. అడవిలో తోడేళ్ల గుంపు అంటే తల్లీ తండ్రీ, వాటి పిల్లలూ అని, పెత్తనం కోసం కొట్టుకునే గుంపు కాదని డేవిడ్ మెక్ 1999లో స్పష్టంగా రాశారు. మీకు కావలసిన లెక్క ఇంకా సులువు: చిన్నిని చూసినప్పుడల్లా లక్కీకి దెబ్బ పడితే, చిన్ని అంటే దెబ్బ అనే నేర్చుకుంటుంది. మెడకు వేసే కరెంటు పట్టీలు, ముళ్ల పట్టీలు చేసేదీ అదే. గుర్రుమన్నందుకు కూడా కొట్టొద్దు, తిట్టొద్దు. గుర్రు హెచ్చరిక. దాన్ని అణిచేస్తే హెచ్చరిక లేకుండా కరిచే కుక్క మిగులుతుంది.

ఇప్పుడు ఇంటి ఏర్పాటు. ఈ రోజు నుంచి కనీసం మూడు వారాలు లక్కీ, చిన్ని ఒకదానికొకటి ఎదురుపడకూడదు. ఇంటిని రెండు భాగాలు చేయండి. ఒకటి లోపల తిరుగుతుంటే ఇంకొకటి గదిలో, రెండు మూడు గంటలకు మార్పు. రెండింటి మధ్య ఎప్పుడూ రెండు అడ్డాలు ఉండాలి: ఒక మూసిన తలుపు, దాని వెనక ఒక గేటు. నలుగురు తిరిగే ఇంట్లో ఒక తలుపు ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు మర్చిపోతారు. గేటు చిన్ని దూకలేనంత ఎత్తు ఉండాలి. కిందనుంచి మూడొంతులు మందపాటి గుడ్డ కట్టండి, జాలీలోంచి గంటల తరబడి ఒకదాన్నొకటి గుడ్లురిమి చూసుకుంటే విడదీసి లాభం లేదు. తలుపు మీద కాగితం అంటించి, ఏ కుక్క బయట ఉందో రాయండి. మీ అత్తగారికి, పాపకు కూడా అర్థమయ్యేలా లక్కీకి ఒక రంగు, చిన్నికి ఒక రంగు పెట్టుకోండి. పాప మాత్రం ఈ తలుపులు తీయకూడదు, ఏ రెండు కుక్కలతోనూ ఒంటరిగా ఉండకూడదు. గొడవ మొదలైతే తన పని ఒక్కటే: దగ్గర్లోని గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని పెద్దవాళ్లను పిలవడం. ముందే రెండు మూడుసార్లు సాధన చేయించండి.

అయినా ఎప్పుడైనా ఎదురుపడితే, గొడవకు ముందు రెండు మూడు క్షణాలు దొరుకుతాయి. వాటిని గుర్తుపట్టడం నేర్చుకోండి. అప్పటిదాకా తెరిచి ఉన్న నోరు టక్కున మూతపడుతుంది. ఊగుతున్న తోక ఆగుతుంది, లేదా నిక్కబొడుచుకుని పైకి లేచి చివర మాత్రం సన్నగా అదురుతుంది. మెడ ముందుకు, బరువంతా ముందు కాళ్ల మీదికి వస్తుంది. ఓ పక్క కంటి తెల్లగుడ్డు నెలవంకలా కనబడుతుంది. ఒళ్లంతా బిగుసుకుంటుంది. ఈ క్షణంలో కేక వేస్తే అదే నిప్పు. మధ్యలోకి వెళ్లకండి, పట్టీ పట్టుకోకండి. ఆ సమయానికి నేర్పి ఉంచిన ఉల్లాసపు పిలుపొకటి ఉండాలి. ఆ మాట అంటూ మీరే వెనక్కి తిరిగి వంటింటి వైపు నడవండి, తినుబండారాల డబ్బా గలగలలాడించండి. ఈ పిలుపును ముందు ఒక్కో కుక్కకు విడివిడిగా, గొడవ ఏమీ లేనప్పుడు, రోజుకు పదిసార్లు నేర్పాలి: పిలుపు, వెంటనే తినుబండారం ముక్క.

గొడవ అయిపోతుంటే ఇంట్లో చేతికి అందేలా ముందే పెట్టుకోవలసినవి ఓ మందపాటి దుప్పటి, ఓ వెడల్పాటి చెక్క లేదా గట్టి అట్ట, ఓ బకెట్ నీళ్లు. రెండింటి తలల మీద దుప్పటి పడేయండి, చెక్కను మధ్యలోకి దోయండి. విడిపోకపోతే నీళ్లు ముఖాల మీద. ఇద్దరు పెద్దవాళ్లు ఉంటే చివరి మార్గం, చెరొకరు ఒక్కో కుక్క వెనక కాళ్లను తొడల దగ్గర పట్టి ఎత్తి ఒకేసారి వెనక్కి లాగడం. ఒకటి పట్టుకుని వదలకుండా ఉంటే మాత్రం లాగొద్దు, చర్మం చీలిపోతుంది. ఒక్కరే ఉన్నప్పుడు ఈ పద్ధతి వద్దు, వదిలేసిన కుక్క పట్టుబడిన కుక్క మీద పడుతుంది. విడిపోయాక వేరే గదుల్లో వేసి, వెంట్రుకల్లో వేలు పెట్టి ప్రతి అంగుళం తడుముతూ గాట్లు వెతకండి. చిన్న చిల్లు కనబడినా వైద్యుడికి చూపించాలి.

తిండి మీద మీరు ఎక్కువ రాయలేదు, కానీ ఐదు కుక్కలున్న ఇంట్లో అది ఎప్పుడూ నిప్పు పక్కనే ఉంటుంది. లక్కీ, చిన్ని, రాజు మూసిన గదుల్లో తినాలి. అన్నదమ్ములు రెండు వేర్వేరు మూలల్లో, మధ్యలో మీరు నిలబడి. రోజూ ఒకే వేళకు, ఒకే వరసలో పెట్టండి. ఏది ముందు అన్నది ముఖ్యం కాదు, రోజూ ఒకేలా ఉండటం ముఖ్యం. పదిహేను నిమిషాలకు గిన్నెలు ఎత్తేయండి, నేల తుడిచాకే తలుపులు తీయండి. ఎముకలు, నమిలే బొమ్మలు మూసిన గదిలో మాత్రమే. నీళ్ల గిన్నెలు మూడు చోట్ల, మూలలకు దూరంగా.

మీ భర్త ఇంటికి రావడం రెండు గొడవలకు కారణమైంది. అయిదు నిమిషాల ముందు ఫోన్ చేయమనండి. ఆ అయిదు నిమిషాల్లో ఏ కుక్క గదిలోకి ఆ కుక్క వెళ్లాలి. లోపలికి వచ్చి, బట్టలు మార్చుకుని, ఇల్లు సద్దుమణిగాక ఒక్కొక్కదాన్నే బయటికి వదిలి పలకరించాలి. ఆయనకు ఇది నచ్చకపోవచ్చు, రోజంతటిలో ఆయన ఎదురుచూసే సమయం అదే అయ్యుండవచ్చు. అయినా ఈ ఒక్క మార్పుతోనే మీ గొడవల్లో సగం జరిగే సందర్భమే పోతుంది.

బెల్ సంగతికి ఓపిక కావాలి, ప్రమాదం మాత్రం లేదు. ఐదింటికీ ఒకేసారి నేర్పాలని చూస్తే ఒక్కటీ నేర్చుకోదు. ఒక్కో కుక్కకు ఒక పరుపు ఇవ్వండి. మొదటి వారం ఒక్కో కుక్కతో ఒంటరిగా, పూటకు మూడు నాలుగు నిమిషాలు: పరుపు మీదికి వెళ్తే శనగగింజంత ముక్క, అయిదు క్షణాలు ఉంటే ఇంకొకటి, తర్వాత పది, ముప్ఫై. ముక్క చేతికి ఇవ్వకుండా పరుపు మీదే పడేయండి. తర్వాత బెల్ శబ్దాన్ని ఫోన్లో రికార్డు చేసి, చెవికి ఆనీ ఆననంత సన్నగా వినిపించి, వెంటనే పరుపు మీద ముక్కలు చల్లండి. శబ్దం వినగానే పరుపు వైపు చూసేదాకా పెంచొద్దు. ఒక్కొక్కటీ నేర్చాకే రెండేసి, తర్వాత మూడేసి. పరుపుల మధ్య రెండు మీటర్లన్నా ఎడం ఉండాలి. లక్కీ పరుపు, చిన్ని పరుపు ఎప్పటికీ వేర్వేరు గదుల్లో ఉన్నా నష్టం లేదు. ఇదంతా నేర్చేలోపు నిజం బెల్ తీసేసి, వచ్చేవాళ్లను ఫోన్ చేయమనండి.

రాజుది నొప్పేనని నా నమ్మకం. పదకొండేళ్ల కుక్క పడుకుని లేచేటప్పుడు ముందు కాళ్ల మీద ఆగి ఆగి లేస్తోందా, మెట్ల దగ్గర తటపటాయిస్తోందా, ఒకే కీలును నాకుతోందా చూడండి. కీళ్లనొప్పులకు వైద్యుడు ఇచ్చే మందుతో ఈ గుర్రు బాగా తగ్గవచ్చు. దాని పడకను రెండు గోడలు కలిసే మూలలో, దారికి అడ్డం లేకుండా, మిగతావి రాలేని గేటు వెనక వేయండి.

బ్రూనోకు ముందు మూత్రపరీక్ష. ఇన్ఫెక్షన్ లేకపోతే, ఇంట్లో ఉద్రిక్తత పెరిగినప్పుడు మగకుక్కలు ఇలా గుర్తులు పెడతాయి. ఆపరేషన్‌తో చాలావాటిలో తగ్గుతుంది, అన్నిట్లో పూర్తిగా పోదు. సోఫా కాళ్లను ఎంజైములున్న శుభ్రపరిచే ద్రవంతో పది పదిహేను నిమిషాలు నాననిచ్చి తుడవండి. అమ్మోనియా ఉన్న ద్రావణాలు వద్దు, ఆ వాసన దానికి ఇంకో మూత్రంలాగే తోస్తుంది.

మూడు వారాల తర్వాత మీ ముందు మూడు దారులు ఉంటాయి. ఏది ఎంచుకోవాలో మీ ఇంటి ఓపిక, సమయం తేలుస్తాయి.

మొదటిది మళ్లీ కలపడం. వైద్యులు రెండింటికీ నొప్పి లేదన్నాకే మొదలుపెట్టాలి. ఇంటి బయట, ఎవరిదీ కాని చోట, చెరో మనిషి చెరో కుక్కను పట్టుకుని, పదిహేను మీటర్ల ఎడంతో ఒకే దిశలో నడవాలి, ఎదురెదురుగా కాదు. ఒకదాన్నొకటి చూసి, ముక్క తిని, నేల వాసన చూస్తూ నడిస్తే దూరం సరైనదే. ముక్క తీసుకోకపోయినా, తదేకంగా చూసినా దూరం పెంచండి. రెండు మూడు నడకలు ప్రశాంతంగా సాగాక ఒకటి రెండు మీటర్లు తగ్గించవచ్చు. ఇంట్లో కలిపే రోజుకు రెండింటికీ బుట్టలా ఉండే మూతి చిక్కం అలవాటై ఉండాలి. నోరు తెరిచి రొప్పడానికి, నీళ్లు తాగడానికి వీలుండే రకమే కొనండి, లోపల ముక్క పెట్టి తినిపిస్తూ రెండు వారాలు అలవాటు చేయండి. రెండు నుంచి నాలుగు నెలలు పట్టవచ్చు. ఎక్కడైనా చిక్కుపడితే ప్రవర్తన సమస్యలు చూసే పశువైద్యుడిని కలవండి. ఆందోళన తగ్గించే మందు రాస్తే దాని ఫలితం తెలియడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, వారానికే లాభం లేదని ఆపేయకండి.

రెండోది ఎప్పటికీ విడిగా ఉంచడం. చాలా ఇళ్లలో ఏళ్ల తరబడి సాగుతుంది, రెండు కుక్కలూ సంతోషంగానే ఉంటాయి. బరువంతా మనుషుల మీద పడుతుంది. ఊరికి వెళ్లినా, జబ్బు చేసినా ఈ తలుపుల లెక్క తెలిసిన ఇంకొకరు ఇంట్లో ఉండాలి. మీ అత్తగారికి, పాపకు ఇది కష్టమైతే ఈ దారి నిలవదు.

మూడోది మీ భర్త అన్న మాట. దాన్ని ద్రోహంగా చూడకండి. కలిపే ప్రయత్నంలో మళ్లీ లోతైన కాటు పడినా, ఎవరికైనా మనుషులకు గాటు పడినా, విడిగా ఉంచడం మీకు సాధ్యం కాకపోయినా అదే మంచి దారి కావచ్చు. ఇస్తే ఇంకో ఆడకుక్క లేని ఇంటికే ఇవ్వాలి. రెండేళ్ల చిన్ని కొత్త ఇంటికి అలవాటుపడటం ఆరేళ్ల లక్కీకంటే సులువు, కానీ పాప దేనితో ఎక్కువ పెనవేసుకుపోయిందో, ఏ కుక్క ఒంటరిగా ఎక్కువ ప్రశాంతంగా ఉంటుందో కూడా చూసి తేల్చండి. ముందు రెండు వారాలు ప్రయత్నంగా పంపండి, పడకపోతే వెనక్కి తీసుకుంటానని మాట ఇవ్వండి. టీకాల కాగితాలు, ఎదకు వచ్చిన తేదీలు, నాలుగు గొడవలు ఎక్కడ ఎలా జరిగాయో రాసిన చీటీ ఆ ఇంటివాళ్ల చేతిలో పెట్టండి. దాచిపెట్టి ఇస్తే తర్వాతి గాటు వాళ్ల పిల్లకు పడవచ్చు.